కిట్వేనా, గాబరోనా, జోబర్గా? ఆఫ్రికా దక్షిణాన మేనేజర్ ఉద్యోగానికి వెళ్ళే ముందు

మా పిన్ని కొడుకు పటాన్‌చెరులో ఒక ప్యాకేజింగ్ ప్లాంటుకి ప్రొడక్షన్ మేనేజర్. పోయిన నెల ఒక రాత్రి ఫోన్ చేసి, "అన్నయ్యా, మూడు ఆఫర్లు చేతిలో ఉన్నాయి. ఎక్కడ ఎక్కువ మిగులుతుందో లెక్కేశాను, కిట్వే వస్తోంది. ఒప్పేసుకోనా?" అన్నాడు. కిట్వే జాంబియాలో రాగి గనుల మధ్య ఉన్న ఊరు. మిగతా రెండింటిలో ఒకటి దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ (వాడుకలో జోబర్గ్), ఇంకోటి బోట్స్‌వానా రాజధాని గాబరోన్. వారం తిరక్కుండానే మొజాంబిక్‌లోని టెటె నుంచి నాలుగోది కూడా వచ్చింది. ఆ రాత్రి వాడికి రెండు గంటలు చెప్పిందాన్నే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను. నేను గాబరోన్‌లో ఐదేళ్ళు, కిట్వేలో మూడేళ్ళు, జోబర్గ్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. మొజాంబిక్‌కు పని మీద వెళ్ళి రావడమే కానీ అక్కడ కాపురం చెయ్యలేదు, అందుకే దాని గురించి తక్కువ చెప్తాను.

మన ఊళ్ళలో వీటన్నిటినీ కలిపి "సౌత్ ఆఫ్రికా" అనేస్తారు. కిట్వే వెళ్ళినవాణ్ణి కూడా "సౌత్ ఆఫ్రికాలో ఉన్నాడు" అని పెళ్ళి సంబంధాల్లో చెప్పుకోవడం విన్నాను. ఇవి నాలుగూ వేరు వేరు దేశాలు. చట్టాలు వేరు, డబ్బు వేరు, మేనేజర్ మీద జనం పెట్టుకునే ఆశలు వేరు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే: మన టైముకి మూడున్నర గంటలు వెనక ఉంటాయి, బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి.

జీతం కంటే ముందు కుర్చీ సంగతి

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళకు ఇక్కడ మొదట తగిలే దెబ్బ ఒకటుంది. గల్ఫ్‌లో బాస్‌గా ఉన్న మనమూ పరాయివాళ్ళమే, మన కింద పనిచేసే నేపాలీ, ఫిలిప్పీన్స్, బిహార్ కుర్రాళ్ళూ పరాయివాళ్ళే. ఇక్కడ అలా కాదు. మీ టీమంతా సొంత గడ్డ మీద ఉంటుంది, పరాయివాడివి నువ్వొక్కడివే. ఆ ఉద్యోగం చెయ్యగల స్థానికుడు ప్రస్తుతానికి దొరకలేదు కాబట్టే నీకు పర్మిట్ ఇచ్చారు. ఆ "ప్రస్తుతానికి" అన్న మాట పర్మిట్ మీద అచ్చుపడి ఉండదు కానీ ఆఫీసులో అందరి మనసులోనూ ఉంటుంది.

అందుకే నేనడిగే మొదటి ప్రశ్న జీతమెంత అని కాదు. నువ్వు వెళ్ళిపోయాక ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలని కంపెనీ అనుకుంటోంది? దీనికి నాలుగు దేశాల్లో నాలుగు రకాల జవాబులొస్తాయి.

బోట్స్‌వానాలో ఈ విషయం నేరుగా మాట్లాడతారు. నీ పని నేర్చుకునే స్థానికుడు ఎవరు, ఏం నేర్పుతున్నావు అని పర్మిట్ రెన్యువల్ దగ్గర అడుగుతారు. దాన్ని అక్కడ లోకలైజేషన్ అంటారు. నేను మొదటి రెండేళ్ళు దాన్ని కాయితం పనిగా చూశాను. నా దగ్గర అసిస్టెంటుగా ఉన్నామెకు స్టాక్ రిపోర్టులు చెయ్యడం నేర్పాను కానీ సప్లయర్లతో బేరం ఎలా ఆడాలో, బ్యాంకుతో ఎలా మాట్లాడాలో నాలోనే దాచుకున్నాను. ఆమె అన్నీ నేర్చేసుకుంటే నా అవసరం ఉండదేమోనన్న భయం. రెన్యువల్ ఇంటర్వ్యూలో ఆమెను ఏమేం నేర్చుకున్నావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. నాకు రెండేళ్ళు వస్తుందనుకున్న చోట ఏడాదే వచ్చింది. తప్పు నాదే. ఆ తర్వాత ఆమెను ప్రతి మీటింగుకీ వెంట తీసుకెళ్ళాను, రెన్యువళ్ళు సాఫీగా నడిచాయి. మనసులోని భయం ఒకటి చెప్తుంది, పర్మిట్ దానికి సరిగ్గా తిరగేసి చెప్తుంది.

దక్షిణాఫ్రికాలో అదే సంగతి వీసాలోనూ ఉంది, కంపెనీ స్కోరు కార్డులోనూ ఉంది. మన ఐటీ కంపెనీల నుంచి వెళ్ళేవాళ్ళకు ఎక్కువగా దొరికే ఇంట్రా కంపెనీ ట్రాన్స్‌ఫర్ వీసా గరిష్ఠంగా 4 ఏళ్ళు, పొడిగింపు లేదు. పైగా స్థానికులకు నైపుణ్యం ఎలా అందిస్తారో కంపెనీ ముందే రాసివ్వాలి. కొరత ఉన్న నైపుణ్యాలకిచ్చే క్రిటికల్ స్కిల్స్ వీసా అయితే 5 ఏళ్ళ దాకా వస్తుంది. దానికి మన డిగ్రీని సాక్వా అనే సంస్థ మదింపు చెయ్యాలి, మన వృత్తికి సంబంధించిన సంఘంలో నమోదు కావాలి. ఇంజనీర్లకు ఎక్సా. ఈ కాయితాలకే నెలలు పడతాయి, ఆఫర్ లెటర్ చేతికి రాకముందే మొదలుపెట్టండి.

స్కోరు కార్డు సంగతి ఇంకా సున్నితం. వివక్షకు గురైన జాతులవాళ్ళకు అవకాశాలు పెంచడానికి తెచ్చిన 1998 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఈక్విటీ చట్టం, 2003 నాటి బీ-బీ-బీఈఈ చట్టం వల్ల ఎవరిని తీసుకుంటున్నాం, ఎవరికి ప్రమోషన్ ఇస్తున్నాం అన్న లెక్కకు కంపెనీ జవాబు చెప్పాలి. అక్కడి భారత సంతతి వాళ్ళు ఆ చట్టాల కింద లబ్ధిదారులే. "నేనూ ఇండియన్‌నే కదా" అనుకుంటే మాత్రం కుదరదు, మొన్న విమానం దిగిన మనకు ఆ లెక్క వర్తించదు. మనవాళ్ళు దీన్ని టీ తాగుతూ "ఇక్కడా రిజర్వేషన్లేనా" అని ఎగతాళి చెయ్యడం చూశాను. చర్మం రంగును బట్టి ఏ ఉద్యోగం ఎవరిదో ఒకప్పుడు చట్టమే రాసిపెట్టిన దేశమది, తెల్లవాళ్ళ పాలన పోయింది 1994లోనే. మీ టీములో నలభై దాటిన ప్రతి ఒక్కరూ ఆ రోజుల్లో పుట్టి పెరిగినవాళ్ళే. ఆ మాట ఒక్కసారి నోరుజారితే మీరు మేనేజర్‌గా అక్కడితో సరి, ఎంత మంచి ప్రెజెంటేషన్లు చేసినా.

జాంబియా రాగి గనుల్లో సమస్య వేరే తీరు. అక్కడ నీ కింద పనిచేసే ఫోర్‌మన్‌కు నీకంటే ఎక్కువ తెలుసు. ఆ రాగి గనుల ప్రాంతాన్ని కాపర్‌బెల్ట్ అంటారు, కిట్వేలోనే కాపర్‌బెల్ట్ యూనివర్సిటీ ఉంది. తాత, తండ్రి, కొడుకు మూడు తరాలు గనిలో పనిచేసిన ఇళ్ళున్నాయి. గనులు ప్రభుత్వ సంస్థ జెడ్‌సీసీఎం చేతిలో ఉన్నప్పుడు ఆసుపత్రి, బడి, క్లబ్బు అన్నీ గనివే. ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళాక అవి పోయాయని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత వచ్చిన కంపెనీలన్నీ వాళ్ళ దృష్టిలో వచ్చిపోయేవే. భారతీయ మేనేజర్లకు అందరికీ తెలిసిన ఉదాహరణ కొంకోలా కాపర్ మైన్స్. వేదాంత 2004లో అందులో 51% వాటా కొంది. 2019 మేలో జాంబియా ప్రభుత్వం దాన్ని లిక్విడేటర్ చేతిలో పెట్టింది. ప్రభుత్వం మారాక, 2024లో మళ్ళీ వేదాంత చేతికొచ్చింది. ఆ ఐదేళ్ళలో బాసులు మారారు, ఫోర్‌మన్లు ఉన్నచోటే ఉన్నారు. కాబట్టి అక్కడ "నేను నేర్పడానికి వచ్చాను" అన్న ముఖం పెట్టుకుని దిగితే ఆరు నెలలు నవ్వుతూ తలూపి, ఏ పనీ జరగనివ్వరు. నేర్చుకోవడానికి వచ్చానన్నవాడికి గని లోపలి దారులన్నీ చూపిస్తారు.

మొజాంబిక్‌లో లెక్క అంకెల్లోనే ఉంది: వంద మందికి పైగా ఉన్న కంపెనీలో విదేశీయులు 5%కి మించకూడదు. అంటే ఒక్కో విదేశీయుడి సీటుకీ కంపెనీలో పోటీ. భాష పోర్చుగీస్. ఇంగ్లీషుతో గని లోపల నెట్టుకురావచ్చు కానీ లేబర్ ఇన్‌స్పెక్టర్ దగ్గర, పోలీసు చెక్‌పోస్టు దగ్గర, నోటరీ దగ్గర పనవదు. మొదటి ఏడాది సాయంత్రాలు పోర్చుగీస్ క్లాసుకు పెట్టలేనివాళ్ళు ఆ ఆఫర్ పక్కన పెట్టెయ్యడమే మంచిది.

ఆఫీసులో మొదటి ఆరు నెలలు

మనం ఉదయం ఆఫీసుకు రాగానే "ఆ డిస్పాచ్ ఏమైంది?" అంటూ మొదలుపెడతాం. ఈ ప్రాంతమంతటా అది మొరటుతనం కింద లెక్క. బోట్స్‌వానాలో మగవాళ్ళకు "డుమెలా రా", ఆడవాళ్ళకు "డుమెలా మా" అని పలకరించి, ఎలా లేచారని అడిగి, జవాబు విన్నాకే పని మాట. మా అంటే మన అమ్మా అన్నట్టే. నేల తుడిచే ఆమె కూడా మా, డైరెక్టర్ కూడా మా. కిట్వేలో బెంబా భాషలో పెద్దల పేరుకు ముందు "బా" చేరుస్తారు, మన గారు పేరు వెనక వస్తుంది, వాళ్ళది ముందొస్తుంది, అంతే తేడా. నన్ను బా రెడ్డి అన్న రోజున ఫర్వాలేదు, నిలదొక్కుకున్నానని అనిపించింది. జోబర్గ్ ఆఫీసులో ఇదంతా తలకిందులు, సీఈఓను కూడా పేరు పెట్టి పిలుస్తారు. మన "సార్" అక్కడ వింతగా వినిపిస్తుంది.

జోబర్గ్‌లో ఇంకో చిక్కు మాటలది. "జస్ట్ నౌ" చేస్తానంటే ఇప్పుడే అని కాదు, కాసేపయ్యాక, బహుశా సాయంత్రం. "నౌ నౌ" అంటే దానికంటే త్వరగా. ఇది తెలియక మొదటి నెలలో ఒక క్లయింటుకు మాటిచ్చి ఇరుక్కున్నాను.

కోపం సంగతి చెప్పాలి. మన ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ మొత్తం వినేలా కేకేసి, సాయంత్రం భుజం మీద చెయ్యేసి టీ తాగించే పద్ధతి ఒకటుంది. దక్షిణాఫ్రికాలో ఆ కేకకు లిఖితపూర్వకంగా గ్రీవెన్స్ వస్తుంది. ఎవరినైనా తీసెయ్యాలంటే హెచ్చరికలు, విచారణ, తన పక్షాన మాట్లాడేందుకు మనిషిని తెచ్చుకునే హక్కు, అన్నీ వరుసగా జరగాలి. తీసేసిన 30 రోజుల్లో ఆ మనిషి సీసీఎంఏ అనే మధ్యవర్తిత్వ సంస్థకు వెళ్ళొచ్చు, డబ్బు ఖర్చు లేకుండా. కారణం నిజమైనా పద్ధతి తప్పితే కంపెనీ ఓడిపోతుంది. కొత్తలో ఇదంతా తలనొప్పి అనిపించింది. నాలుగేళ్ళయ్యాక చూసుకుంటే, నా జీవితంలో నిదానంగా మాట్లాడటం నేర్చుకున్నది అక్కడే.

బోట్స్‌వానాలో గ్రీవెన్స్ దాకా కూడా రారు. ఊరుకుంటారు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకోవడం కొత్తగా వచ్చిన భారతీయ మేనేజర్లందరూ చేసే పొరపాటు. అక్కడ పల్లెల్లో ఖోట్లా అని ఉంటుంది, మన రచ్చబండ లాంటిది, ఊరి పెద్ద సమక్షంలో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఖోట్లాలో పలికిన ప్రతి మాటా అందమైనదే అని సెట్స్వానా సామెత. మీటింగులో అందరూ ఒక్కొక్కరే మాట్లాడి, మొదటివాళ్ళు చెప్పిందే నాలుగోవాళ్ళు మళ్ళీ చెప్తుంటే మనకు టెన్షన్ పెరిగిపోతుంది. అడ్డుపడి "సరే, ఇలా చేద్దాం" అంటామా, అందరూ తలూపుతారు, బయటికెళ్ళాక ఏదీ కదలదు. పూర్తిగా విన్నాక తీసుకున్న నిర్ణయాన్ని మాత్రం మళ్ళీ గుర్తు చెయ్యాల్సిన పని ఉండదు. గంట మీటింగుకు రెండు గంటలు కేటాయించుకోండి, తర్వాత వారం రోజులు మిగులుతాయి.

సెలవుల విషయంలో మనకున్న ఒక లాభాన్ని మనమే వాడుకోం. గాబరోన్‌లో ఒకతను తండ్రి పోయాడని సెలవడిగాడు. ఎనిమిది నెలలకు మళ్ళీ తండ్రి పోయాడన్నాడు. మా ఉత్తరాది సహోద్యోగి ఫైలు తీసి పాత అప్లికేషన్ చూపించి మందలించబోయాడు. నాకు వెంటనే అర్థమైంది, పోయింది పెదనాన్న. మనకూ నాన్న, పెదనాన్న, చిన్నాన్న అందరూ నాన్నలే కదా! వాళ్ళ మలోమే అచ్చం మన మేనమామే, పెళ్ళి మాటల్లో ఆయన లేనిదే పని జరగదు. కాబట్టి "మలోమేకి ఒంట్లో బాలేదు" అంటే ఎవరో దూరపు చుట్టం అని కొట్టిపారెయ్యకండి. దక్షిణాఫ్రికా చట్టంలో కుటుంబ బాధ్యతల సెలవు ఏడాదికి 3 రోజులే. అంత్యక్రియలు ఎక్కువగా శనివారాలే పెట్టుకుంటారు కాబట్టి శుక్రవారం సాయంత్రం షిఫ్టు ఖాళీ అవుతుందని ముందే లెక్కేసుకోవాలి.

జాంబియాలో మదర్స్ డే అని ఉంది. పువ్వులిచ్చే పండగ కాదు. ఆడ ఉద్యోగులు నెలకొక రోజు డాక్టర్ చీటీ లేకుండా, కారణం చెప్పకుండా సెలవు తీసుకునే హక్కు, 2019 నాటి ఎంప్లాయ్‌మెంట్ కోడ్ చట్టంలో రాసి ఉంది. చీటీ ఏదని అడిగిన కొత్త మేనేజరు పరువు ఆ రోజే పోతుంది.

ఇక చిట్టీలు. మన ఆఫీసుల్లో నడిచే చిట్టీయే ఇక్కడా ఉంది: దక్షిణాఫ్రికాలో స్టాక్‌వెల్, బోట్స్‌వానాలో మొట్షెలో, జాంబియాలో చిలింబా, మొజాంబిక్‌లో షితికె. కిట్వేలో మా డిపార్టుమెంటు చిలింబాలో నన్ను చేర్చుకున్నప్పుడు మొదట వెనకాడాను. చేరాక తెలిసింది, ఎవరికి ఏ నెల డబ్బు అవసరమో, ఎవరి పిల్లాడి ఫీజు కట్టాలో, ఓవర్‌టైమ్ ఎవరికి నిజంగా కావాలో హెచ్‌ఆర్ కంటే ముందు అక్కడే తెలుస్తుంది.

ఒక చేదు మాట. ఇద్దరు తెలుగువాళ్ళం ఒకే ఆఫీసులో ఉంటే టీము ముందే తెలుగులో మాట్లాడుకుంటాం. "వీళ్ళకి ఏం చెప్పినా అంతే" లాంటి మాటలు దొర్లుతాయి. భాష తెలియకపోయినా ముఖం తెలుస్తుంది. మనకు నాలుగు భాషలొస్తాయని గొప్ప, జాంబియా రాజధాని లుసాకా కుర్రాడికి ఐదొస్తాయి.

దర్బన్ సంగతి ఇక్కడే చెప్పెయ్యాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ అక్కడికి చేరింది, చెరకు తోటల కూలికి వెళ్ళినవాళ్ళలో మన జిల్లాలవాళ్ళు చాలామంది. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ప్రోత్సహించాల్సిన భాషల జాబితాలో తెలుగును దక్షిణాఫ్రికా రాజ్యాంగమే పేరు పెట్టి చెప్పింది. మీ ఆఫీసులో నాయుడూ గారు తగిలితే ఉప్పొంగిపోయి తెలుగులో మొదలుపెట్టకండి, ఐదారు తరాల కిందటి ముచ్చట అది. "మీరు ఏ నాయుళ్ళు?" అని అసలే అడక్కండి.

చేతికొచ్చేది, చేతిలో నిలిచేది

మా వాడి లెక్కలో తప్పు ఇక్కడ దొరికింది. కిట్వే జీతాన్ని ఆ రోజు రేటుతో రూపాయల్లోకి మార్చి మూడేళ్ళకు గుణించాడు. జాంబియా కరెన్సీ క్వాచా అలా నిలబడే డబ్బు కాదు. 2024 చివరికి డాలరుకు 28 దగ్గరికి పడిపోయింది, 2025లో కోలుకుంది. జాంబియాలో జీతం డాలర్లలో కట్టి ఇస్తారా, క్వాచాల్లోనా అన్నదొక్కటే సగం ప్యాకేజీ. బోట్స్‌వానా పులాను దక్షిణాఫ్రికా రాండ్‌తోపాటు ఇతర కరెన్సీల బుట్టకు కట్టి ఉంచుతారు, ఒక్కసారిగా కూలడం అరుదు. పులా అంటే వాన. వానకు మొహం వాచిన దేశం డబ్బుకు దాని పేరే పెట్టుకుంది, ఉపన్యాసం చివర జై అన్నట్టు "పులా!" అని అరుస్తారు. మొజాంబిక్ మెటికల్ రేటు కాయితం మీద కదలకుండా ఉంటుంది, కానీ బ్యాంకులో డాలర్లు దొరకాలంటే ఎదురుచూపే.

పన్ను పై శ్లాబు దక్షిణాఫ్రికాలో 45%, జాంబియాలో 37%, మొజాంబిక్‌లో 32%. నాలుగింటిలో తక్కువ బోట్స్‌వానాది. జోబర్గ్ జీతం పెద్దదిగా కనిపించి చేతికొచ్చేసరికి చిక్కిపోయేది ఇందుకే. దాని మీద ఇంటి సెక్యూరిటీ, మెడికల్ ఎయిడ్, రెండో కారు. జోబర్గ్‌లో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే.

కాంట్రాక్టు చివర ఇచ్చే గ్రాట్యుటీ చూడండి. జాంబియా చట్టం దీర్ఘకాల కాంట్రాక్టుకు మూల జీతంలో కనీసం 25% అంటుంది, కానీ విదేశీ ఉద్యోగులకు మినహాయింపులు చూపించే కంపెనీలుంటాయి. కాబట్టి శాతం, ఏ కరెన్సీ, మధ్యలో మానేస్తే ఎంత, ఈ మూడూ కాంట్రాక్టులో అక్షరాలా ఉండాలి. గాబరోన్, లుసాకాల్లో చాలా ఉద్యోగాలు మన దేశం నుంచి వెళ్ళి స్థిరపడిన వ్యాపార కుటుంబాలవి. మంచివాళ్ళున్నారు. కానీ క్యాష్ మేనల్లుడు చూస్తాడు, మీరు పేరుకు జనరల్ మేనేజర్, టీముకు మాటిచ్చిన బోనస్ ఓనరు రాత్రికి రాత్రే ఆపేస్తాడు. ఎంత ఖర్చు దాకా నా సంతకం చెల్లుతుంది అని ఇంటర్వ్యూలో అడగండి. తడబడితే అర్థం చేసుకోండి. పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఇంట్లో వాళ్ళ లెక్క

వాడి భార్య, అంటే మా మరదలు, ఫార్మసిస్ట్, అక్కడ పనిచెయ్యాలని ఆశ. దక్షిణాఫ్రికాలో భర్త వర్క్ వీసా మీద వెళ్ళిన భార్య తన పేరున వేరే వీసా లేకుండా ఉద్యోగం చెయ్యకూడదు. బోట్స్‌వానాలోనూ తన పర్మిట్ తనకుండాలి. కొన్ని కాపురాల్లో మొదటి చికాకు జీతం వల్ల కాదు, తెల్లారింది మొదలు నాలుగు గోడల మధ్య ఉండటం వల్ల వస్తుంది. ఈ విషయం ఆఫర్ ఒప్పుకునే ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

పిల్లల బడి ఎక్కువగా జనవరిలో మొదలవుతుంది, మనది జూన్. నాలుగో తరగతి పిల్లకు ఆర్నెల్లు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. తొమ్మిదిలో ఉన్న పిల్లాడి సంగతే కష్టం. కేంబ్రిడ్జ్ సిలబస్‌లో చేరితే చక్కగా చదువుకుంటాడు, కానీ జేఈఈ, నీట్ కోచింగ్ అక్కడ ఉండదు. ఎన్‌ఐటీల్లో విదేశాల్లో చదివిన పిల్లలకుండే డాసా కోటా కిందైనా జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. కాబట్టి కొడుకు ఇంజనీరింగ్‌కు ఇండియా రావాలా, అక్కడే కేప్‌టౌన్, విట్స్ లాంటి యూనివర్సిటీలకు వెళ్ళాలా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

భయాలు ఒక్కో చోట ఒక్కో రకం. జోబర్గ్‌లో నేరాలు నిజమే: కరెంటు కంచె, సాయుధ గార్డుల కంపెనీకి నెలనెలా చందా, సిగ్నల్ దగ్గర ఫోన్ సీటు కిందికి. అలవాటైపోతుంది, కానీ అలవాటైపోవడమే ఒక ఖర్చు. కరెంటు కోతలు 2023లో ఊపిరాడనివ్వలేదు, 2024 మార్చి తర్వాత చాలా మటుకు పోయాయి, ఇప్పుడు నీళ్ళ కోత ఎక్కువ. జాంబియాలో మనుషుల భయం తక్కువ. కరెంటులో ఎక్కువ భాగం నీటి మీద ఆధారం, 2024 కరువుకు కరీబా జలాశయం ఎండుముఖం పట్టి రోజుకు 17 గంటలకు పైగా కోతలు పడ్డాయి. ఇంటికి సోలార్ ఎవరు పెట్టిస్తారో కాంట్రాక్టులో ఉండాలి. కిట్వేలో మలేరియా ఉంది, జ్వరం వస్తే అదే రోజు పరీక్ష, "చూద్దాంలే" అన్న మాట లేదు. గాబరోన్‌లో ఆ బెడద లేదు. రాత్రి హైవే మీద ఆవులు మాత్రం జాగ్రత్త.

మొజాంబిక్‌లో ఉత్తరాన కాబో డెల్గాడోలో తీవ్రవాదం ఉంది. 2021 మార్చిలో పాల్మా మీద దాడి జరిగాక ఫ్రెంచి కంపెనీ టోటల్ గ్యాస్ ప్రాజెక్టే ఏళ్ళ తరబడి ఆగిపోయింది. టెటె అక్కడికి చాలా దూరం. రాజధాని మపుటోలో భారత సంతతి వ్యాపారులను డబ్బుకోసం ఎత్తుకుపోయిన ఘటనలు ఏళ్ళుగా ఉన్నాయి. 2024 అక్టోబరు ఎన్నికల తర్వాత అల్లర్లు నెలలపాటు నడిచాయి. కుటుంబంతో వెళ్ళే మొదటి విదేశీ ఉద్యోగానికి నేనైతే చెప్పను. ఒంటరిగా, రెండేళ్ళకు, భాష నేర్చుకునే ఉత్సాహం ఉన్న ముప్పై ఏళ్ళ మైనింగ్ ఇంజనీరుకు మాత్రం బొగ్గు గనుల్లో మంచి అనుభవం.

పెద్ద జబ్బు చేస్తే గాబరోన్ నుంచీ కిట్వే నుంచీ జోబర్గ్ ఆసుపత్రికే పంపిస్తారు, గాబరోన్ నుంచి సుమారు 350 కిలోమీటర్లు, కిట్వే నుంచి విమానమే దిక్కు. ఆడిస్ అబాబా, నైరోబీ మీదుగా ప్రయాణమైతే ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోవాలి.

మరి ఎవరికి ఏది?

ఐటీ, బ్యాంకింగ్ వాళ్ళకు, కెరీర్‌లో పేరు కావాలనుకునేవాళ్ళకు జోబర్గ్. అక్కడ నాలుగేళ్ళు మనుషులతో పద్ధతిగా పనిచేయించినవాడు ప్రపంచంలో ఎక్కడైనా చేయించగలడు. నాలుగో ఏడు దిగే తేదీ మాత్రం మొదటి రోజే క్యాలెండరులో రాసుకోండి. పనిలో ముదిరినవాళ్ళు, గని, స్మెల్టర్, భారీ యంత్రాల మనుషులు కాపర్‌బెల్ట్‌కు వెళ్ళొచ్చు, డాలరు జీతమైతేనే. మొదటిసారి బయటికెళ్ళే కుటుంబానికి, మనుషుల్ని తయారుచెయ్యడం ఇష్టమున్న మేనేజరుకు గాబరోన్. చిన్న ఊరు, సాయంత్రం ఐదున్నరకు ఇంట్లో ఉంటారు, ఉగాది పచ్చడికి పది ఇళ్ళు దొరుకుతాయి. విసుగు కూడా దొరుకుతుంది, నెలకోసారి జోబర్గ్‌లోని ఫోర్డ్స్‌బర్గ్‌కు కరివేపాకు మిషతో పరిగెత్తేది అందుకే. దాని బలహీనత ఒకటే, దేశమంతా వజ్రాల మీద నిలబడి ఉంది. 2024లో వజ్రాల ధర పడిపోతే అన్ని వ్యాపారాలూ బిగుసుకున్నాయి. కాబట్టి కంపెనీ ఏ గిరాకీ మీద బతుకుతోందో చూసుకోవాలి. తిండి, మందులు అమ్మే కంపెనీ అయితే కాస్త నయం.

మా వాడికి చివరగా ఒక్క ప్రశ్న రాసిచ్చి, నలుగురినీ అదే అడగమన్నాను: "నాకు ముందు ఈ కుర్చీలో ఎవరున్నారు, ఎందుకు వెళ్ళారు?" టెటె వాళ్ళు జవాబివ్వలేదు. జోబర్గ్ వాళ్ళు వీసా గడువు అయిపోయిందన్నారు, నిజమే అయ్యుంటుంది. కిట్వే వాళ్ళు కాస్త నవ్వి, నాలుగేళ్ళలో ముగ్గురు మారారన్నారు. గాబరోన్ వాళ్ళు, ముందున్నాయన తన అసిస్టెంటును బాగా తయారుచేశాడు, ఆమెను జ్వానెంగ్ వజ్రాల గని వాళ్ళు ఎక్కువ జీతానికి పట్టుకుపోయారు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి అన్నారు. జీతం కిట్వే కంటే ఐదో వంతు తక్కువ. నిన్న రాత్రి ఆ కాంట్రాక్టు నాకు పంపాడు. పదకొండు పేజీలు చదివాను. అత్యవసర వైద్యానికి జోబర్గ్ తరలించే ఖర్చు ఎవరిదో ఎక్కడా లేదు. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క లైను రాయించుకోమన్నాను.